రాత్రి చేతి తిమ్మిర్లు: ఏ వేళ్లు, ఏ వేళ?

రాత్రి రెండు మూడు గంటలప్పుడు చెయ్యి మొద్దుబారి, వేళ్లలో సూదులు గుచ్చినట్టయి మెలకువ వస్తుంది. మంచం మీద లేచి కూర్చుని చెయ్యి విదిలిస్తే, కిందికి వేలాడదీస్తే కాసేపటికి సర్దుకుంటుంది. ఇలా కొన్నాళ్లు జరిగాక ఇంట్లో ఒకరు "రక్తం ఆడటం లేదేమో" అంటారు, ఇంకొకరు "నరాల బలహీనత" అంటారు. మందుల షాపులో బి కాంప్లెక్స్ బిళ్లలో, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్లో మొదలవుతాయి. చేతిలో డబ్బున్నవాళ్లు నేరుగా మెడకు ఎంఆర్ఐ తీయించుకుంటారు. ఈ రెండు దారుల్లోనూ ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉండిపోతుంది: తిమ్మిరి ఏ వేళ్లలో వస్తోంది? కారణాల జాబితా పెద్దదే. కానీ ఏ వేళ్లు, ఏ వేళ, చెయ్యి ఏ పని దగ్గర తడబడుతోంది, కాళ్లు ఎలా ఉన్నాయి అని అడిగితే ఆ జాబితా చాలావరకు అక్కడే చిన్నదైపోతుంది. ఖర్చులేని ఈ నాలుగు ప్రశ్నలను దాటేసి స్కానింగులకూ సూదులకూ పరిగెత్తడం వల్ల చాలామంది చేతి కండ కరిగేదాకా కాలం పోగొట్టుకుంటున్నారు.

ముందు రక్తం ఆడకపోవడం సంగతి చూద్దాం. చేతికి రక్తం తెచ్చే ధమని ఉన్నట్టుండి మూసుకుపోతే చెయ్యి చల్లబడి పాలిపోతుంది, మణికట్టు దగ్గర నాడి అందదు, నొప్పి విపరీతంగా ఉంటుంది. అది అరుదు. వస్తే మాత్రం క్షణం ఆగకూడదు. తల కింద చెయ్యి పెట్టుకుని నిద్రపోతే వచ్చే తిమ్మిరి వేరు, అక్కడ నలిగేది నరం. నరాన్ని పోషించే అతి సన్నని రక్తనాళాలు ఒత్తిడికి మూసుకుపోవడంతో నరం సంకేతాలు పంపడం ఆపేస్తుంది. పక్కకు దొర్లగానే మళ్లీ పని మొదలుపెడుతూ కాసేపు అడ్డదిడ్డంగా సంకేతాలు పంపుతుంది. చీమలు పాకినట్టు అనిపించేది అప్పుడే. ఎప్పుడో ఒకసారి వచ్చి నిమిషాల్లో పోయే ఈ తిమ్మిరి జబ్బు కాదు. వారంలో పలుమార్లు నిద్ర లేపితే, పగటిపూటకూ పాకితే, పట్టు తగ్గితే అప్పుడు కారణం వెతకాలి.

అలా వెతికినప్పుడు అన్నిటికన్నా తరచుగా దొరికేది మణికట్టులో నలిగే నరం. డాక్టర్లు కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు. అరచేయి మొదట్లో చిన్న చిన్న ఎముకలు అడుగునా పక్కలా ఉంటాయి, పైన అడ్డంగా దళసరి లిగమెంట్ బిగిసి ఉంటుంది. ఆ ఇరుకులోంచి వేళ్లను ముడిచే 9 టెండన్లు, వాటితో పాటు మీడియన్ నరం వెళ్తాయి. లోపల ఏ కాస్త వాచినా ముందు దెబ్బ తినేది అన్నిటికన్నా మెత్తనిదైన నరమే. అది బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలిలో సగానికి స్పర్శ ఇస్తుంది. ఇంట్లోనే చూసుకోదగ్గ గుర్తు ఇక్కడ ఒకటుంది. ఉంగరం వేలిని రెండు పక్కలా దూదితో తాకి చూడండి. మధ్య వేలి వైపు మొద్దుగా, చిటికెన వేలి వైపు మామూలుగా తెలిస్తే నరం మెడలో కాదు, చేతిలోనే నలుగుతోందని చాలావరకు అనుకోవచ్చు. మెడలో నరం మొదలు నలిగితే ఒకే వేలు ఇలా నిలువునా రెండుగా చీలదు. అరచేతిలో బొటనవేలి మొదటి దగ్గర చర్మానికి వెళ్లే కొమ్మ ఇరుకులోకి దిగకముందే విడిపోతుంది కనుక, వేళ్లు మొద్దుబారినా అక్కడ స్పర్శ బాగానే ఉంటుంది.

రాత్రే ఎందుకు? నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు ముడుచుకుంటుంది, చాలామంది చేతిని గడ్డం కింద మడిచి పడుకుంటారు. 1981లో అమెరికాలో రిచర్డ్ గెల్బర్‌మన్ బృందం సన్నని గొట్టాన్ని మణికట్టు ఇరుకులోకి పంపి ఒత్తిడి కొలిచింది. ఏ బాధా లేనివాళ్లలో మణికట్టు తిన్నగా ఉన్నప్పుడు సగటున 2.5 మిల్లీమీటర్లు (పాదరసం కొలతలో), జబ్బు ఉన్నవాళ్లలో 32. అదే మణికట్టు పూర్తిగా ముడిస్తే జబ్బు ఉన్నవాళ్లలో 94కు, వెనక్కి వంచితే 110కి ఎగబాకింది. అంత ఒత్తిడిలో నరానికి రక్తం అందదు. దానికి తోడు, పడుకున్నప్పుడు పగలంతా కాళ్లలో నిలిచిన నీరు పై భాగానికి సర్దుకుంటుంది, వేళ్లు కదలక ఆ వాపు తగ్గే దారి ఉండదు. లేచి చెయ్యి విదిలిస్తే హాయిగా ఉండటానికి కారణమూ ఇదే. అలా విదిలించే అలవాటు రోగిలో కనిపిస్తే అనుభవమున్న డాక్టరుకు సగం సంగతి తెలిసిపోతుంది.

ఈ సంగతి వైద్యులకు తెలియడానికే చాలా కాలం పట్టింది. 1854లో లండన్‌లో జేమ్స్ పేజెట్ మణికట్టు ఎముక విరిగిన రోగిలో ఈ నరం నలగడం గురించి రాశాడు. 1880లో బోస్టన్‌లో జేమ్స్ జాక్సన్ పట్నమ్ 37 మంది రోగుల బాధను వర్ణించాడు: రాత్రి మెలకువ, వేళ్ల మొద్దుదనం, చెయ్యి వేలాడదీస్తే ఉపశమనం. అంత చక్కగా వర్ణించి కూడా, రక్తనాళాల్లో ఏదో లోపమేమో అనుకున్నాడు. మన ఇళ్లలో ఈనాటికీ వినిపించే మాట అది. 1913లో పారిస్‌లో పియేర్ మారీ, షార్ల్ ఫ్వా కలిసి 80 ఏళ్ల వృద్ధురాలి చేతిని మరణానంతరం కోసి చూశారు. లిగమెంట్‌కు ఎగువన నరం ఉబ్బి ఉంది, కింద నలిగి సన్నబడి ఉంది. ముందే గుర్తిస్తే ఈ లిగమెంట్‌ను కోసి కండను కాపాడవచ్చేమో అని వాళ్లు రాసిన మాటను అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఈ బాధకు మెడ దగ్గరి అదనపు పక్కటెముక కారణమనీ, మెడ కండరాలు కారణమనీ చెప్పి అక్కడ ఆపరేషన్లు చేశారు. 1947లో రసెల్ బ్రెయిన్ బృందం ఆరుగురు రోగులతో లాన్సెట్‌లో రాసిన వ్యాసం, 1950 నుంచి క్లీవ్‌లాండ్‌లో జార్జ్ ఫేలెన్ వరసగా రాసిన వ్యాసాలు చూపును మణికట్టుకు తిప్పాయి. 1966 నాటికి ఫేలెన్ 654 చేతుల అనుభవాన్ని ప్రచురించాడు. రెండు చేతుల వెనక వైపులు ఆనించి, మణికట్లు ముడిచి నిమిషం పాటు ఉంచితే వేళ్లలో తిమ్మిరి వస్తుందా అని చూసే పరీక్షకు ఆయన పేరే పెట్టారు.

మెడ మీద అనుమానం ఇంతకాలం నిలవడంలో రోగుల తప్పూ వైద్యుల తప్పూ కాని కారణం ఒకటుంది. మణికట్టులో నరం నలిగినా నొప్పి మోచేతి దాకా, భుజం దాకా ఎగదన్నుతుంది. "చెయ్యంతా లాగుతోంది" అని చెప్పే రోగి నిజమే చెబుతున్నాడు. అప్పుడు మెడకు ఎంఆర్ఐ తీస్తే ఏదో ఒకటి కనిపించి తీరుతుంది. 2015లో జపాన్‌లో ఏ బాధా లేని 1,211 మందికి మెడ ఎంఆర్ఐ తీస్తే 87.6 శాతం మందిలో డిస్క్ ఉబ్బి ఉంది, ఇరవైల్లో ఉన్నవాళ్లలోనూ అధిక శాతం మందికి అదే కనిపించింది. కనుక రిపోర్టులో "డిస్క్ బల్జ్" అన్న మాట ఉన్నంత మాత్రాన తిమ్మిరికి కారణం దొరికినట్టు కాదు. మెడ పట్టీ కట్టుకుని, ట్రాక్షన్ పెట్టించుకుంటూ నెలలు గడిపేవాళ్లలో మణికట్టును ఎవరూ ముట్టుకుని చూడనివాళ్లు ఉంటారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి ఇది.

ఈ జబ్బు మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఎక్కువ, అందులోనూ నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య. గర్భం చివరి నెలల్లో వంటికి నీరు పట్టి వస్తుంది, కాన్పు తర్వాత ఎక్కువమందిలో దానంతటదే పోతుంది. షుగరు, థైరాయిడ్ తక్కువ పనిచేయడం, కీళ్లవాతం, ఊబకాయం, ఏళ్ల తరబడి డయాలసిస్, మణికట్టు ఎముక ఎప్పుడో విరిగి ఉండటం ఇవన్నీ దారి తీస్తాయి. రెండు చేతులకూ వచ్చిందంటే షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించడం లాంఛనం కాదు, అవసరం. వయసు మళ్లిన మగవాళ్లలో రెండు మణికట్లకూ వస్తే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రొటీన్ అమిలాయిడ్‌గా మారి మణికట్టులో పేరుకుంటుంది, అదే కొన్నేళ్ల తర్వాత గుండె కండలో పేరుకుని గుండె వైఫల్యం తెస్తుంది. ఆయాసం, కాళ్ల వాపు కూడా ఉంటే ఆ సంగతి గుండె డాక్టరుకు చెప్పాలి.

పనుల సంగతికొస్తే, గట్టిగా పట్టు బిగించి పదే పదే మణికట్టు తిప్పే పనులు, డ్రిల్లింగ్ మిషన్ లాంటి అదిరే పనిముట్లు ఈ జబ్బుకు కారణమవుతాయనడానికి ఆధారం గట్టిగా ఉంది. బండ కొట్టేవాళ్లు, నిజామాబాద్, జగిత్యాల వైపు పొద్దుగూకేదాకా బీడీలు చుట్టే ఆడవాళ్లు తిమ్మిర్లని వచ్చినప్పుడు ఆ పని గంటల గురించి అడగకుండా మందు రాయడం సగం వైద్యమే. కంప్యూటర్ మీద అందరికీ ఉన్న అనుమానానికి మాత్రం ఆధారం అంత గట్టిది కాదు. డెన్మార్క్‌లో దాదాపు 7 వేల మందిని ఏడాది పాటు గమనించి 2003లో ప్రచురించిన అధ్యయనంలో కీబోర్డుకు చెప్పుకోదగ్గ సంబంధం కనపడలేదు, వారానికి 20 గంటలు దాటి మౌస్ వాడేవాళ్లలో కొంత కనపడింది. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగికి తిమ్మిరి వస్తే కుర్చీ మార్చడంతో ఆగకుండా థైరాయిడ్ కూడా చూడాలంటాను.

ఇక బలహీనత. "చేతిలోంచి స్టీలు గ్లాసు జారిపోతోంది" అన్న ఫిర్యాదు మొదట్లో బలం తగ్గడం వల్ల కాదు. వేలి కొసల్లో స్పర్శ తగ్గి, ఎంత గట్టిగా పట్టుకోవాలో చేతికి తెలియకపోవడం వల్ల వస్తుంది. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోవడం, మల్లెపూలు మాల కడుతుంటే దారం ముడి తెలియకపోవడం, ముగ్గు పిండి సన్నగా వదల్లేకపోవడం, చిల్లర నాణేలు తడిమి గుర్తుపట్టలేకపోవడం అన్నీ ఈ కోవలోవే. అసలు బలం తగ్గడం తర్వాతి మెట్టు. అరచేతిని పైకి పెట్టి బల్ల మీద ఆనించి, బొటనవేలిని ఇంటి కప్పు వైపు నిలబెట్టండి. రెండో చేత్తో దాన్ని కిందికి నొక్కితే ఎంత నిలుస్తుందో రెండు చేతులూ పోల్చి చూడండి. తర్వాత బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే కండను పక్కనుంచి చూడండి. ఒక చేతిలో అది చదునైతే, లేదా గుంట పడితే, ఇక ఇంటి వైద్యానికీ ఎదురుచూపుకూ చోటు లేదు. ఒక మోసం కూడా ఉంది. జబ్బు ముదిరిన కొందరిలో రాత్రి తిమ్మిర్లు తగ్గుముఖం పడతాయి, ఎందుకంటే తిమ్మిరి పుట్టించేంత ప్రాణం నరంలో మిగలదు. నయమైందని వాళ్లు మందులు మానేస్తారు.

తిమ్మిరి చిటికెన వేలిలో, దాని పక్క సగం ఉంగరం వేలిలో అయితే కథ మణికట్టు వదిలి మోచేతికి పోతుంది. మోచేయి గోడకు తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమనిపించే నరం ఇదే, పేరు అల్నార్. మోచేయి బాగా మడిచి పడుకునేవాళ్లకు, ఫోను చెవి దగ్గర గంటలు గంటలు పట్టుకునేవాళ్లకు, కుర్చీ చేతి మీద మోచేయి ఆనించే అలవాటున్నవాళ్లకు ఇది నలుగుతుంది. వేళ్లను దూరం చేసి దగ్గర చేసే చిన్న కండలన్నీ దాదాపు దీని చేతిలోనే ఉన్నాయి కనుక ఇక్కడ బలహీనత త్వరగా కనిపిస్తుంది. తాళం చెవి తిప్పడం కష్టమవుతుంది. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య చేతి వెనక వైపు గుంట పడుతుంది.

అల్నార్ నరం దగ్గర మన దేశంలో మరొక జబ్బును మరచిపోకూడదు. అది కుష్ఠు. ప్రజారోగ్య సమస్యగా దాన్ని నిర్మూలించామని 2005 చివర ప్రకటించుకున్నాం, అంటే పది వేల మందికి ఒక కేసు కంటే తక్కువన్నమాట. జబ్బు పోలేదు. ప్రపంచంలో ఏటా కొత్తగా బయటపడే కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ మన దేశంలోవే. కుష్ఠులో మోచేతి వెనక నరం తాడులా లావెక్కి చేతికి తగులుతుంది. రాత్రి నిద్ర లేపే తిమ్మిరి కన్నా స్పర్శ పోవడమే ఎక్కువ, పొయ్యి దగ్గర వేలు కాలినా తెలియదు. ఒంటి మీద పాలిపోయిన మచ్చ ఉండి దాని మీద స్పర్శ లేకపోతే అనుమానించాలి. మందులు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం, రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో వాడితే జబ్బు పోతుంది. నరం దెబ్బతిని ఆరు నెలలు దాటకముందే స్టెరాయిడ్ మొదలుపెడితే బలం తిరిగొచ్చే అవకాశం ఉంటుంది. సిగ్గుపడి దాచిన ప్రతి నెలా చేతికి నష్టమే.

పొద్దున లేచేసరికి మణికట్టు పైకి లేవకుండా వేలాడిపోతే అది రేడియల్ నరం. మద్యం మత్తులోనో, విపరీతమైన అలసటలోనో కుర్చీ అంచు మీద చెయ్యి వేసి కదలకుండా నిద్రపోతే పై చేతి ఎముక మీద ఈ నరం నలుగుతుంది. చూస్తే భయమేస్తుంది గానీ ఎక్కువమందిలో కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో కోలుకుంటుంది.

మెడ నుంచి వచ్చేవి లేవని కాదు. మెడలో నరం మొదలు నలిగితే మెడ తిప్పినప్పుడు, వెనక్కి వంచినప్పుడు నొప్పి భుజం రెక్క మీదుగా చేతిలోకి కరెంటులా దూకుతుంది. ఆరో నరమైతే బొటనవేలు, ఏడోదైతే మధ్య వేలు, ఎనిమిదోదైతే చిటికెన వేలు. కార్పల్ టనెల్ రోగి చెయ్యి కిందికి వేలాడదీస్తాడు, మెడ రోగి చెయ్యి ఎత్తి తల మీద పెట్టుకుంటే హాయిగా ఉందంటాడు. ఈ ఒక్క తేడా అడిగితే చాలు, ఎంతో గందరగోళం తగ్గుతుంది. వీటిలో అధిక భాగం ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల్లో నెమ్మదిస్తాయి.

వెన్నుపామే నలిగితే మాత్రం ఆగకూడదు. రెండు చేతులూ మొద్దుబారి పనితనం పోతుంది, చొక్కా గుండీలు పట్టవు, చేతిరాత మారిపోతుంది. ఆ మనిషిని నడిపించి చూడాలి. కాళ్లు బిగుసుకుని, తూలుతూ నడుస్తుంటే, మూత్రం ఆపుకోలేకపోతుంటే వెంటనే న్యూరోసర్జన్ దగ్గరికి వెళ్లాలి. ఇక్కడే తెలుగు నేలకు సొంతమైన ఒక కారణం ఉంది. తాగునీటిలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు చెడే జబ్బును 1937లో షార్ట్ బృందం అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో గుర్తించి ప్రచురించింది. ఆ తర్వాత నల్గొండ దీనికి మారుపేరైంది. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవాళ్లలో వెన్నుపూసల మధ్య లిగమెంట్లు ఎముకలా గట్టిపడి, వెన్నుపాము ఉండే దారి ఇరుకైపోతుంది. హైదరాబాద్ న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి ఈ నరాల దెబ్బ మీద దశాబ్దాల పాటు పనిచేశారు. నల్గొండ, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన పెద్దవాళ్లు చేతులు మొద్దుబారుతున్నాయంటే చిన్నప్పుడు ఏ నీళ్లు తాగారో అడగాల్సిందే.

షుగరు మీద నెట్టేసే ముందు కూడా ఒకసారి ఆగాలి. షుగరు వల్ల నరాలు దెబ్బతింటే మొదట అరికాళ్లు మొద్దుబారతాయి, అది మోకాళ్ల దాకా ఎక్కేసరికి వేలి కొసలకు వస్తుంది. కాళ్లు బాగుండి చేతులే తిమ్మిరెక్కితే, షుగరు ఉన్న మనిషికైనా మణికట్టు చూడాలి. బి12 లోపంలోనూ సాధారణంగా కాళ్లు ముందు. మాంసం, గుడ్లు ముట్టనివాళ్లకు, ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకు ఆ లోపం వచ్చే అవకాశం ఎక్కువ. రక్త పరీక్షతో తేలుతుంది, మందుతో బాగవుతుంది. కానీ పరీక్ష లేకుండా ప్రతి తిమ్మిరికీ విటమిన్ బిళ్లలు మింగడం నిరపాయం కాదు. వాటిలో ఉండే బి6 మితిమీరితే తనే నరాలను చెడగొడుతుంది. రోజుకు 2 నుంచి 6 గ్రాముల దాకా బి6 వాడిన ఏడుగురికి నడక తూలి, చేతులు మొద్దుబారిన వైనం 1983లోనే ప్రచురితమైంది. మన బిళ్లల్లో మోతాదు అంత ఉండదు నిజమే, కానీ రెండు మూడు రకాలు కలిపి ఏళ్ల తరబడి వాడేవాళ్లు ఉన్నారు.

తిమ్మిరి అసలే లేకుండా చేతి కండ కరిగిపోతుంటే దారి వేరు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రాళ్లలో ఒక చెయ్యి మెల్లగా సన్నబడే జబ్బును 1959లో జపాన్‌లో కెయిజో హిరయామా వర్ణించాడు, మన దేశంలోనూ అది ఉంది. పెద్ద వయసులో అలా జరిగితే మోటార్ న్యూరాన్ జబ్బును తోసిపుచ్చాలి. ఇక నిమిషాల్లో ఒక చెయ్యి పడిపోయి, మూతి వంకరపోయి, మాట ముద్దయితే అది పక్షవాతం. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు. ఎడమ చేతి లాగుడుతో పాటు ఛాతీ బరువు, చెమటలు ఉంటే 108కి ఫోన్ చేయాలి, తెల్లారేదాకా చూడకూడదు.

పరీక్షల్లో నెర్వ్ కండక్షన్ మేలైనది. నరంలో సంకేతం ఎక్కడ నెమ్మదిస్తోందో చెబుతుంది, ఆపరేషన్‌కు ముందు చేయించడం మంచిది. అయితే దాన్నీ రోగి మాటతో కలిపే చదవాలి. స్వీడన్‌లో 1999లో ప్రచురించిన సర్వేలో ఏ బాధా లేనివాళ్లలోనూ 18 శాతం మందికి ఈ పరీక్షలో మీడియన్ నరం లోపం కనిపించింది. బాధ మొదటి దశలో ఉన్నవాళ్లకు రిపోర్టు మామూలుగా రావడమూ ఉంది.

చికిత్స మొదటి మెట్టు చవకైనది. రాత్రి మణికట్టు ముడవకుండా తిన్నగా ఉంచే పట్టీ, కొన్ని వారాల పాటు. మందుల షాపుల్లో దొరికే కొన్ని పట్టీలు మణికట్టును వెనక్కి వంచి ఉంచుతాయి, గెల్బర్‌మన్ కొలతలు చూశాక అవి ఎందుకు పనికిరావో చెప్పనక్కర్లేదు. లోపలి లోహపు పట్టీని తీసి తిన్నగా చేసుకోవాలి. అల్నార్ నరానికైతే మోచేతికి మెత్తటి తువాలు చుట్టుకుని పడుకుంటే అది పూర్తిగా మడవదు. దాంతో తగ్గకపోతే మణికట్టులో స్టెరాయిడ్ ఇంజెక్షన్. ఉపశమనం త్వరగా వస్తుంది, చాలామందిలో నిలవదు. నెదర్లాండ్స్‌లో పట్టీనీ ఆపరేషన్‌నూ పోల్చిన అధ్యయనం 2002లో వచ్చింది. ఏడాదిన్నర తర్వాత ఆపరేషన్ వర్గంలో 90 శాతం మంది, పట్టీ వర్గంలో 75 శాతం మంది బాగున్నారు. ఆ 75 శాతంలో మొదట పట్టీ వాడి తర్వాత ఆపరేషన్‌కు వెళ్లినవాళ్లూ ఉన్నారు. తేలికపాటి బాధకు పట్టీతో మొదలుపెట్టడంలో తప్పు లేదు. బొటనవేలి కండ చదునైనవాళ్లు, పగలంతా వేళ్లు మొద్దుగా ఉండేవాళ్లు మాత్రం ఇంజెక్షన్ల మీద ఏళ్లు గడపకూడదు. లిగమెంట్ కోసే ఆపరేషన్ చెయ్యి వరకే మత్తిచ్చి, కొద్ది నిమిషాల్లో చేసేది. రాత్రి నిద్ర చాలామందికి ఆ వారంలోనే తిరిగొస్తుంది. వేళ్ల మొద్దుదనం వదలడానికి నెలలు పడుతుంది. కరిగిపోయిన కండ తిరిగి నిండుతుందని మాత్రం ఏ సర్జనూ హామీ ఇవ్వలేడు.